మేడ మీది పాప ఊపిరి

మా యాకుత్‌పురా ఇంట్లో మేడ మీది గదులు అద్దెకిస్తాం. కొన్నేళ్ల కిందట కాకినాడ నుంచి ఒక జంట అక్కడికి వచ్చింది. ఆయనకు ప్రభుత్వోద్యోగం. వాళ్ల పాపకు రెండేళ్లు దాటాయి. పొద్దున్నే మేం బర్రెల పాలు పితికే వేళకు ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ, జరుగుతూ కిందికి దిగేది. "పెద్దమ్మా" అంటూ నా కొంగు పట్టుకుని దొడ్డంతా తిరిగేది. మా పిల్లలు పెద్దవాళ్లైపోయారు. ఇంట్లో అలాంటి గొంతు విని చాలా కాలమైంది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పైనుంచి కేక వినబడింది.

"అక్కా! పాప... అక్కా!"

పరిగెత్తాను. బాత్రూంలో నీళ్లు నింపిన టబ్బులో పాప తలకిందులుగా పడిపోయింది. వాళ్లమ్మ బయటికి తీసింది కానీ పెదాలు నల్లబడ్డాయి, ఒళ్లు వేలాడుతోంది. అంబులెన్సుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. అవతల ఒక అమ్మాయి గొంతు.

"ఊపిరి తీసుకుంటోందా అమ్మా?"

"లేదు మేడం, తీస్కుంటలేదు!"

"నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కొంచెం పైకెత్తండి. ముక్కు మూసి, నోట్లోకి మెల్లగా ఊదండి. ఛాతీ లేస్తోందా?"

మొదటిసారి లేవలేదు. గడ్డం సరిచేసి ఊదితే లేచింది.

"ఇప్పుడు ఛాతీ మధ్యలో ఒక్క అరచెయ్యి పెట్టి నొక్కండి. గట్టిగా, వేగంగా."

నొక్కబోతే చెయ్యి రాలేదు. నా అరచేతి కింద అంత చిన్న ఛాతీ.

"బొక్కలు ఇరుగుతయేమో మేడం..."

"ఎముకలకు భయపడి పైపైన నొక్కితే లాభం లేదమ్మా. ఛాతీ లోపలికి దిగాలి, మళ్లీ పూర్తిగా పైకి రావాలి. నాతో పాటు లెక్కపెట్టండి."

ఆమె లెక్కకు తగ్గట్టు నొక్కుతూ పోయాను. ఊదమన్నప్పుడల్లా వాళ్లమ్మ ఏడుస్తూనే ఊదింది. అప్పటికి గల్లీ అంతా మెట్ల మీదే ఉంది. "ఉల్టా పకడో, పానీ నికల్ జాతా" అని, తలకిందులుగా పట్టుకుంటే నీళ్లు బయటికొస్తాయని ఒకరు, "ఆటోల ఏస్కొని ఉరుకుదాం, లెవ్వమ్మా" అని ఇంకొకరు. ఎవరో పాపను ఎత్తుకోబోయారు.

"ఆపకండమ్మా. అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి" అంది ఫోన్లో అమ్మాయి.

"ఎవ్వలు ముట్టొద్దు!" అని అరిచాను. "భాయ్, నువ్వు గల్లీ మొదట్ల నిలబడు. అంబులెన్సోళ్లకు తొవ్వ చూపెట్టు!"

పక్కింటి భాయ్ పరిగెత్తాడు. నా భుజాలు పడిపోతున్నాయనిపించిన సమయంలో పాప దగ్గింది. నీళ్లు కక్కి, పిల్లిపిల్లలా సన్నగా ఏడ్చింది. పక్కకు తిప్పి పడుకోబెట్టమంది ఆ గొంతు. అంబులెన్సు వాళ్లు మెట్లెక్కే హడావిడిలో ఫోన్ ఎప్పుడు ఆగిపోయిందో చూసుకోలేదు. ఆమెకు ఒక్క మాట కూడా చెప్పలేకపోయాను. ఆ గొంతు మళ్లీ వింటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆస్పత్రిలో పాప ఛాతీ మీద కమిలిన మచ్చ చూసి నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ నా భుజం తట్టింది. "తగ్గిపోతుందమ్మా. భయపడకుండా సరిగ్గా నొక్కారు. ఊపిరి కూడా ఇచ్చారు. అందుకే మన చేతికి దక్కింది."

పాప ఇంటికొచ్చింది, మళ్లీ మెట్లు దిగింది. ఆ ఏడాదే వాళ్లకు బదిలీ అయింది. సామాను లారీ వెళ్లిపోయాక ఎన్నో పొద్దులు పాలు పితుకుతూ మెట్ల వైపు చూశాను. తర్వాత వచ్చిన కిరాయిదార్లు మంచివాళ్లే. వాళ్లకు పిల్లలు లేరు.

మొన్న ఎండాకాలంలో పాపావాళ్లు ఏదో పెళ్లికని ఊళ్లోకి వచ్చి, మా ఇంటికీ వచ్చారు. పాప పొడుగైంది, బడికి పోతోంది. "పెద్దమ్మకు నమస్తే చెప్పు" అంది వాళ్లమ్మ. పాప కొత్తవాళ్లకు దండం పెట్టినట్టు చేతులు జోడించి, తల్లి వెనకాలకు జరిగింది.

"గుర్తులేదు అక్కా, చిన్నది కదా" అంది తల్లి నొచ్చుకుంటూ.

"ఏముందమ్మా, అది గుర్తు లేకుంటెనే మంచిది" అన్నాను.

ఒక్కసారి దాని గుండె మీద అరచెయ్యి పెట్టి, అది కొట్టుకోవడం చూడాలనిపించింది. అడగలేదు. గ్లాసులో పాలు పోసిస్తే, మీగడ వేలితో పక్కకు తీసి నెమ్మదిగా తాగింది. తాగుతున్నంత సేపూ దాన్నే చూస్తూ కూర్చున్నాను.