మారేడుమిల్లి మీదికి నెట్టేసిన జ్వరం

ఆ ఆదివారం సాయంత్రం వ్యాను మా ఇంటి ముందు ఆగింది గానీ నా భార్య సుజాత తనంతట తాను దిగలేకపోయింది. ఇద్దరు స్నేహితురాళ్ళు చెరో రెక్కా పట్టుకుని దించారు. ఒళ్ళు కాలిపోతోంది. పిక్కల మీద చెయ్యి వేస్తే చాలు, అరుస్తోంది. మూడు రోజుల క్రితం నవ్వుతూ వెళ్ళిన మనిషిని అలా చూసేసరికి నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. నా సంగతే అంత. భయం వేసినప్పుడల్లా ఎవరో ఒకరి మీద అరుస్తాను.

మాది మండవల్లి దగ్గర పల్లె. చేపల చెరువులు చేస్తాను. సుజాత తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ తరఫున పరుగు పందేలకు వెళ్ళేది. అప్పటి జట్టులో నలుగురు ఇప్పటికీ విడిపోలేదు. అందరికీ నలభై దాటాయి. వాళ్ళలో నూర్జహాన్ కుటుంబానికి గూడెంలో బట్టల కొట్టుంది, సరుకు తెచ్చే వ్యాను ఆవిడే నడుపుతుంది. అందులో వెనక సీట్లు తీసేసి, పరుపులు పరిచి, గేర్ల సైకిళ్ళు నాలుగు కట్టుకుని మారేడుమిల్లి వెళ్ళాలని ఏడాదిగా అనుకుంటున్నారు. పొద్దున్నే కొండ దారుల్లో పరుగు, ఎండ తగ్గాక అడవి బాటల్లో సైకిల్. ఈ వయసులో ఈ వేషాలేమిటన్నాను. సుజాత వినలేదు.

రెండో రోజు పరుగు తర్వాత చలిజ్వరం మొదలైందట. నలుగురి సరదా పాడవుతుందని మాత్ర వేసుకుని పడుకుందట. మూడో రోజుకి నిలబడలేకపోయింది.

ఆ సాయంత్రం ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు వచ్చి చూశారు. "పరిగెత్తారు కదండీ, కండరాలు పట్టేశాయి," అని నొప్పులకు ఇంజెక్షన్ చేశారు. నేనూ అదే అనుకున్నాను. మర్నాడు పొద్దున వాంతులు మొదలయ్యాయి, కళ్ళు చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి. కారులో ఏలూరు తీసుకెళ్ళి ఒక ఆస్పత్రిలో చేర్పించాను.

డ్యూటీ డాక్టరుగారు ఓపికగా అన్నీ అడిగారు. ఎక్కడికైనా వెళ్ళొచ్చారా అంటే మారేడుమిల్లి అన్నాను. దాంతో మా అందరి చూపూ కొండల వైపు తిరిగిపోయింది. మలేరియా టెస్టు, డెంగీ టెస్టు రాశారు. తర్వాత ఆయన ఇంకో ప్రశ్న వేశారు.

"నీళ్ళలో గానీ బురదలో గానీ దిగారా అండీ?"

సుజాత మగతలో ఉంది. ఆమె బదులు నేనే చెప్పాను. "లేదండీ. వాగుల్లో దిగొద్దని నేను గట్టిగా చెప్పి పంపాను."

ఆయన అలాగే రాసుకున్నారు.

మధ్యాహ్నం నూర్జహాన్ వచ్చింది. ఫ్లాస్కులో గంజి తెచ్చింది. వార్డు గుమ్మం దగ్గరే ఆపేశాను. చుట్టూ జనం చూస్తున్నా నా నోరు ఆగలేదు. సంసారం ఉన్న ఆడదాన్ని అడవుల పాలు చేశారన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయను. ఆవిడ తల వంచుకుని అంతా విని, "డాక్టరుగారికి ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతానండీ, అన్నయ్యగారూ," అంది.

"మీరు చేసింది చాలమ్మా. ఇక ఈ ఛాయలకు రాకండి."

ఫ్లాస్కు బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయింది. నేను దాన్ని ముట్టుకోలేదు.

మలేరియా నెగెటివ్. డెంగీ నెగెటివ్. మళ్ళీ చేశారు, మళ్ళీ నెగెటివ్. ప్లేట్‌లెట్స్ పడిపోతున్నాయి. బుధవారం పొద్దుటికి కళ్ళలో ఎరుపు పోయి పసుపు వచ్చింది. యూరిన్ బ్యాగులో చుక్క పెరగడం లేదు. క్రియాటినిన్ ఐదు దాటిందన్నారు. కిడ్నీలు పనిచేయడం మానేస్తున్నాయని, డయాలసిస్ చేయాల్సి రావచ్చని చెప్పారు.

అప్పుడు కిడ్నీల డాక్టరమ్మగారు వచ్చారు. దుప్పటి తీసి సుజాత కాళ్ళు చూశారు. ముంగాలి మీద మానుతున్న గీతలు ఉన్నాయి. "ఇవి ఈ నాలుగు రోజులవి కావు. ఎలా తగిలాయి?"

"సైకిల్ పెడలు గీసుకుందండీ. ప్రయాణానికి వారం ముందు."

"ఎక్కడ?"

"మా చెరువు గట్టు మీద."

చెబుతుండగానే అంతా గుర్తొచ్చింది. మట్టి దారి అలవాటవుతుందని ఆ రోజు సుజాత, నూర్జహాన్ మా గట్ల మీద సైకిళ్ళు తొక్కారు. వాన పడి గట్టు జారుగా ఉంది. సుజాత సైకిల్‌తో సహా జారి మోకాళ్ళ లోతు బురదలో పడింది. నూర్జహాన్ పైనుంచి చెయ్యి అందించి లాగింది. నేను అక్కడే ఉన్నాను. కడుపుబ్బ నవ్వాను. కాళ్ళు పక్కనున్న బోదె కాలవలో కడుక్కోమని చెప్పింది కూడా నేనే.

"మరి నీళ్ళలో, బురదలో దిగలేదని రాసుందేమిటండీ?" అని అడిగారావిడ.

"కొండల్లో సంగతి అడిగారనుకున్నానండీ. ఇది మా చెరువే కదా."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లెప్టోస్పైరోసిస్ అయ్యుండొచ్చన్నారు. మన వాళ్ళు ఎలుక జ్వరం అంటారు. ఎలుకల మూత్రం బురదలో కలుస్తుంది, గీరుకున్న చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది, వారం పది రోజులకు జ్వరం వస్తుంది. పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు, కామెర్లు అన్నీ దాని లక్షణాలే. గట్ల నిండా ఎలుక బొరియలుంటాయి, ఏటా మనుషుల్ని పెట్టి పూడ్పించేది నేనే. పుట్టినప్పటి నుంచి ఆ బురదలో తిరిగేవాడికి అది బురదలా కనపడదు. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ఆ గంటలోనే పెనిసిలిన్ మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన రిపోర్టూ అదే చెప్పింది.

మందు వేసినా వెంటనే తేరుకోలేదు. మూడు డయాలసిస్‌లు చేశారు. రెండోసారి మధ్యలో బీపీ పడిపోవడంతో నన్ను బయటికి పంపేశారు. ఆ అరగంట నేను ఏ దేవుడికీ మొక్కుకోలేదు. చెరువులన్నీ ఎండిపోయినా సరే, ఈమె బతకాలి అని మాత్రం పదే పదే అనుకున్నాను. మందు మొదలుపెట్టిన ఐదో రోజు నర్సమ్మ వచ్చి యూరిన్ బాగా వస్తోందని చెబితే ఆమె ముందే ఏడ్చేశాను.

ఇంటికి తెచ్చాక కూడా నెలల తరబడి నీరసం. నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలి. జుట్టు దువ్వెనకు వచ్చేసేది. నూర్జహాన్ ఎందుకు రావడం లేదని రోజూ అడిగేది. కొట్టు పనుల్లో తీరిక లేదేమో అనేవాణ్ణి. ఒకరోజు అబద్ధం ఆడలేక జరిగిందంతా చెప్పేశాను. వారం రోజులు సుజాత నాతో మాట్లాడలేదు. అన్నం వడ్డించేది, అంతే.

గూడెం వెళ్ళాను. కొట్లో బేరం జరుగుతుంటే ఒక పక్కన నిలబడ్డాను. నూర్జహాన్ చూసి కుర్చీ వేయించింది. క్షమించమని అడిగాను.

"మీరన్న మాటలకు నేనేం అనుకోలేదండీ. దాని మీది బెంగతో అన్నారు," అంది. మళ్ళీ తనే, "ఆ గట్టు సంగతే చెబుదామని వచ్చానండీ ఆ రోజు," అంది.

సోమవారం మధ్యాహ్నం ఆవిడను లోపలికి పోనిచ్చి ఉంటే ఇంచుమించు రెండు రోజులు కలిసొచ్చేవి. ఆ రెండు రోజుల్లోనే కిడ్నీలు దెబ్బతిన్నాయి.

ఇప్పుడు సుజాత క్రియాటినిన్ మామూలుగానే ఉంది. మూడు నెలలకోసారి టెస్టుకి వెళ్తాం. పరుగు లేదు గానీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడుస్తోంది. గట్టు మీదికి ఎవరొచ్చినా గమ్‌బూట్లు తొడుక్కోవాల్సిందే. నూర్జహాన్ రోజూ ఫోన్ చేస్తుంది, వీళ్ళిద్దరూ గంటల తరబడి మాట్లాడుకుంటారు. మా ఇంటికి మాత్రం ఇంకా రాలేదు. రమ్మని అడిగే మొహం నాకు లేదు.

ఇది చదివేవాళ్ళకు ఒక్క మాట చెబుతాను. రోగి మాట్లాడలేని స్థితిలో ఉంటే జవాబులన్నీ మీరే చెప్పేయకండి. వెనకటి రెండు వారాలు ఆ మనిషితో తిరిగిన వాళ్ళను పిలిచి డాక్టరుగారి ముందు కూర్చోబెట్టండి. వాళ్ళంటే మీకు ఎంత మంటగా ఉన్నా సరే. సుజాత బతికింది కాబట్టి నాకు నా తప్పు తెలిసింది. ఆ బుధవారమే పోయి ఉంటే, నూర్జహానే చంపేసిందని ఈరోజుకీ ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి.