వరాలత్త కాచిన ఎర్ర రంగు

మొన్న వాన వెలిసిన మధ్యాహ్నం కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీల వీధి గుండా వస్తున్నాను. ఎవరో గోడ వారన పోసిన పప్పు పొట్టు తడిసి ముద్దయి, దాని కింద నుంచి ఎర్రటి నీళ్లు కాలవ కట్టి రోడ్డు మీదికి వస్తున్నాయి. ఆ వగరు వాసన ముక్కుకు తగలగానే నడక ఆగిపోయింది. వెనకాల ఆటో అబ్బాయి హారన్ కొట్టి, "ఏటమ్మా, రోడ్డు మీద నిద్దరోతన్నావా?" అని విసుక్కున్నాడు. నిద్ర కాదు నాయనా, వరాలత్త గుర్తొచ్చింది అని చెబితే అతనికేం అర్థమవుతుంది?

వరాలత్త నాకు చుట్టం కాదు, యజమానురాలు. కాశీబుగ్గలో నాటకాల దుస్తులు అద్దెకిచ్చే షాపు ఆవిడది. భర్త మేకప్ వేసేవాడు. ఆయన పోయాక కిరీటాలూ గదలూ విగ్గులూ అన్నీ ఈవిడ నెత్తిన పడ్డాయి. తొంభైల చివర్లో, డిగ్రీ మధ్యలో ఆపేసి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న నన్ను కుట్టుపనికి పెట్టుకుంది. జీతం సంగతి అలా ఉంచండి, మొదటి వారంలోనే ఆవిడ ప్రశ్నలకు నా తల వాచిపోయింది. ఒకసారి ఎవరో కిరీటం అడగడానికి వచ్చాడు. ఏ రాజు, ఎండలోనా పందిట్లోనా, గెలుస్తాడా ఓడిపోతాడా అని ఈవిడ ఆరా మొదలుపెట్టింది. అతను బిత్తరపోయి, "కిరీటానికి గెలుపేటి, ఓటమేటి అత్తా?" అన్నాడు. "ఓడిపోయీ రాజుకి కొత్త కిరీటం ఎందుకురా? సొట్టలున్నది పట్టుకెల్లు, అద్దె తగ్గిత్తాను" అంది. నేను మిషన్ వెనక నోరు నొక్కుకున్నాను. తరువాత ఆ నాటకం చూసినప్పుడు ఆ సొట్టల కిరీటం కిందపడి దొర్లితే జనం గప్‌చిప్ అయిపోయారు. అప్పటి నుంచి ఆవిడ ప్రశ్నలకు నవ్వడం మానేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మూలపేట వైపు సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి ధర్మారావు అనే కుర్రాడు వచ్చాడు. వాళ్ల ఊళ్లో ఏటా ఆగస్టు పదిహేనున ఇసుకలో ఒక ఆట కడతారు. తెల్లవాళ్ల కాలంలో ఆ ఊరివాళ్లు చేపలు ఊరబెట్టడానికి సొంతంగా ఉప్పు పండించుకుంటే, పోలీసులు వచ్చి ఆ కుప్పలన్నీ బూటుకాళ్లతో తొక్కేశారట. ఆ రోజును ఉన్నదున్నట్టు మళ్లీ ఆడి చూపిస్తారు. ఆ ఆటకు పోలీసు దుస్తులు, బూట్లు ఎప్పుడూ మా షాపు నుంచే వెళ్లేవి. బూట్లంటే, ఉద్దానం ఊళ్లలో మిలిటరీ నుంచి రిటైరై వచ్చినవాళ్ల దగ్గర వరాలత్త కొని ఉంచిన పాత తోలు బూట్లు. అన్నీ నల్లవే.

ఈసారి ధర్మారావు బూట్ల వైపు చూసి గొణిగాడు. "అత్తా, మా నానమ్మ ఏటా ఆట మజ్జలో లేచి ఎల్లిపోతంది. ఇదంతా అబద్ధం, ఆ బూట్లు ఎర్రయి అంటాది. ఆ రోజు కళ్లారా సూసినోల్లలో ఇంక తనొక్కతే మిగిలింది. ఈ ఏడు ఆఖరి దాకా కూకోబెట్టాలని నా ఆశ. వొచ్చే ఏడుకి ఉంతాదో నేదో."

"ఎరుపంటే ఏ ఎరుపు?" అంది వరాలత్త వెంటనే. ధర్మారావుకు తెలియదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని టెక్కలి బస్సెక్కింది.

ధర్మారావు నానమ్మ పేరు కోటమ్మ. ఎనభై దాటిన మనిషి, ఎండుచేపల పక్కన నులకమంచం మీద కాకుల్ని అదిలిస్తూ కూర్చుంది. వరాలత్త సంచీలోంచి పళ్లెం తీసి, అందులో ఇటుక ముక్క, బెల్లం, చింతపండు, పొట్టు తీయని జీడిపప్పు పెట్టి ముందుంచింది. నాకు సిగ్గేసింది, పెళ్లిచూపులకు ఫలహారం తెచ్చినట్టుంది వ్యవహారం. కోటమ్మ మాత్రం ఒక్కొక్కటీ కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఇటుక అవతల పెట్టింది. బెల్లం కొంచెం చప్పరించి, "కాదు" అంది. చివరికి జీడిపప్పు మీది పొరను గోటితో గీకి, "ఇదే. అచ్చం ఇదే" అంది. అని మా వంక ఇంకా ఏదో ఉన్నట్టు చూసింది. వరాలత్తకు రంగు దొరికిన సంబరం. పళ్లెం సర్దేసి లేచింది.

నల్లబూటును ఎర్రగా చేయడం ఎంత తద్దినమో ఆ వారం నాకు తెలిసింది. కిరసనాయిలు గుడ్డతో రుద్దితే ఏళ్ల తరబడి పట్టిన పాలిష్ తారులా ఊడింది. దాని కింద అసలు నలుపు. ఉప్పుకాగితం పెట్టి రుద్దీ రుద్దీ నా భుజాలు లాగేశాయి. ఆ నలుపు కూడా పోయాక లోపల తోలు ఏ రంగులో ఉందనుకుంటున్నారు? బూడిద కలిసిన నీలం! "ఒలే, ఇటు సూడే! ఇన్నాళ్లూ ఈ నీలాన్ని లోపల దాసుకున్నాది" అని వరాలత్త చిన్నపిల్లలా బూటును ఎండకు తిప్పి తిప్పి చూసింది. నేనైతే దాన్ని కాలవలో పారేద్దామన్నంత కసిగా ఉన్నాను.

రంగు కోసం ఫ్యాక్టరీ నుంచి బస్తాడు పొట్టు తెప్పించింది. పొట్టు పని చేసే ఆడవాళ్ల వేళ్లకు అంటిన ఎరుపు సబ్బుకు కూడా లొంగదు కదా, తోలుకు మాత్రం ఎందుకంటదు అని ఆవిడ లెక్క. ఇంట్లో పెద్దది ఇనప మూకుడే కాబట్టి అందులో నీళ్లు పోసి మరిగించాం. మూత తీస్తే ఏముంది, కాటుక నీళ్లు! "ఓలమ్మో, నలుపు తియ్యడానికి నలుపే కాసినామే!" అని వరాలత్త పొయ్యి ముందు కూలబడి నవ్వింది. నవ్వు ఆగాక మూకుడు గీకి చూసి, దోషం పొట్టులో లేదు, ఇనుములో ఉందేమో అంది. మట్టికుండలో మళ్లీ పెట్టాం. ఈసారి దిగింది చక్కటి ముదురెరుపు. ముందు ఆ రంగు పూసిన బూటును తను వేసుకుని పగలంతా షాపులో టకటకా తిరిగింది. "ఒకల కాలికి ఏసే ముందు మన కాలికి ఏటవుద్దో సూసుకోవాల" అంది. కాలికేమీ కాలేదు. ఆ తరువాతే అన్ని జతలకూ పూసి, ఆరాక కొబ్బరినూనె పట్టించాం. షాపులో వరుసగా పెడితే, అబద్ధమెందుకు, నాకే గర్వమనిపించింది.

ఆట రోజు పొద్దున్నే తీసుకెళ్లి కోటమ్మ మంచం ముందు పేర్చాం. ఆవిడ ఒక బూటు అందుకుని ఒళ్లో పెట్టుకుంది. ముఖం వెలిగింది. తరువాత మిగతావి చూసింది. ఆ వెలుగు కాస్తా పోయింది.

"ఓలమ్మా, అందరికీ ఎందుకేసినారే? ఎర్రయి ఒక్కడికే. మిగిలినోల్లయి నల్లయే."

వరాలత్త నెమ్మదిగా నేల మీద కూర్చుంది. "ఒక్కడంటే ఎవులు పెద్దమ్మా?"

"మా మావయ్య. మా అమ్మకి తమ్ముడు. పటాలంలో పనిసేసి వొచ్చి పోలీసులో సేరినాడు. పటాలంలో ఇచ్చిన ఆ ఎర్రబూట్లే ఏసుకునీవోడు. మా ఇంటికొత్తే నానే నూనె రాసీదాన్ని." కోటమ్మ బూటును నిమురుతూనే చెప్పింది. "ఆ రోజు మా నాన్న కుప్పలు తొక్కినారు, అందరివీ తొక్కినారు. నాను నా సిన్నకుప్ప మీద బోర్లా పడుకుండిపోనాను. ఎర్రబూట్లు నా దగ్గరికొచ్చి ఆగినాయి. సుట్టూ తిరిగి ఎల్లిపోనాయి. మా మావ నా ఉప్పు తొక్కనేదు."

ఆ సాయంత్రమే మేనమామ ఇంటికి వచ్చాడట. కోటమ్మ తండ్రి తలుపు తీయలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయినవాడు మళ్లీ ఎప్పుడూ కనబడలేదు. పసిదానిగా ఈ మాట చెప్పబోతే తండ్రి చెంప పగలగొట్టాడు, వాడి పేరెత్తొద్దన్నాడు. "పెద్దయ్యాక ఎర్రబూట్లు, ఎర్రబూట్లు అనే అన్నాను. ఎవులివని ఒక్కలూ అడగనేదు" అంది. పక్కనే ఉన్న ధర్మారావు తల వంచుకున్నాడు. ఏటా ఆ కుప్పలన్నీ తొక్కించినవాళ్లలో అతనూ ఒకడు.

ఎర్రగా చేయడానికి వారం పట్టింది గాని నల్లగా చేయడం ఎంతసేపు? కొట్టుకు పరిగెత్తి పాలిష్ డబ్బాలు తెచ్చి, పల్లెలో ఆడామగా కూర్చుని మధ్యాహ్నానికల్లా నలుపెక్కించేశారు. ఒక్క జత మాత్రం అలాగే ఉంచాం. అవి ధర్మారావు వేసుకున్నాడు.

సాయంత్రం ఇసుకలో ఆట మొదలైంది. నల్లబూట్లు వరసగా కుప్పలు తొక్కుకుంటూ పోయాయి. చివర ఒక చిన్నకుప్ప, దాని మీద బోర్లా పడుకున్న పాప. ఎర్రబూట్లు వచ్చాయి, ఆగాయి, చుట్టూ తిరిగి కదిలాయి. కోటమ్మ లేచింది. అయ్యో, మళ్లీ వెళ్లిపోతోందనుకున్నాను. ఆవిడ వెళ్లలేదు. కర్ర ఊతంగా ఇసుకలోకి నడిచి, సొంత మనవడి చెయ్యి పట్టుకుని, చిన్నపిల్ల గొంతుతో పిలిచింది.

"మావా, ఎల్లిపోకు. నాన్న ఏటీ అనడులే. కాళ్లు కడుక్కో, అన్నం తిందువు గాని, రా."

ధర్మారావు అలాగే ఆవిడ వెంట ఇంటి వైపు నడిచాడు. మిగతా ఆట ఎవరూ ఆడలేదు. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తిరుగు బస్సులో వరాలత్త టెక్కలి దాటాక నా మోకాలు తట్టింది. "రంగు అడిగీసి లేచీసినానే. ఇంకేటైనా ఉందా పెద్దమ్మా అని ఒక్క మాట అడుగుంటే, ఆ రోజే సెప్పీసుండీది."

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. షాపు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఎవరైనా వస్తే ఏ వేషం, ఎండా పందిరా అని అన్నీ అడుగుతాను. సామాను కట్టి చేతికిచ్చాక, "ఇంకేటైనా ఉందా?" అని అడిగి ఊరుకుంటాను. చాలామంది ఏమీ లేదని నవ్వి వెళ్లిపోతారు. కొందరు మాత్రం గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి కూర్చుంటారు.