సారు హార్మోనియం పెట్టె

మా సారు హార్మోనియాన్ని దొర గుంజుకున్నాడు. ఏం తప్పు చేశాడని? మాకు పాట నేర్పాడని!

నిన్న మనవరాలి హార్మోనియం తోలుతిత్తి వాసనకు ఆ కోపం మళ్లీ మండింది. నిజాం కాలంలో సారు పట్నం కాలేజీలో సంగీతం చెప్పేవాడు. ప్రతి శుక్రవారం సెలవుకు ఇబ్రహీంపట్నంలో, ఊరి బయటి మా వాడకొచ్చి తన కులం పిల్లలకు నేర్పేవాడు. మా గొంతులు దొర గడీదాకా వినబడ్డాయట. ఆ తర్వాతి శుక్రవారం సారు ఒట్టి చేతులతో వచ్చాడు.

"పెట్టె ఏది సారూ?" అన్నాను.

"దొరకు మనసైందిరా. నేర్చుకొని ఇస్తడు. జర గట్టిగ పాడున్రి, ఆయనకు ఇనవడాలె."

నమ్మాను. దొర కూడా నేర్చుకోవాలని గొంతు చించుకొని పాడాను.

సారు చనిపోయాక, నిజాం రాజ్యమూ పోయాక, గడీకెళ్లి పెట్టె అడిగాను. దొర కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు:

"ఇంకెక్కడి పెట్టెరా? ఆ పొద్దే మీ సారు ముంగట్నే పొయ్యిల వెట్టిచ్చిన. మీకు చెప్పలేదా?"