మీ నానమ్మ, అమెరికా టాక్సు, నా కుళ్ళు

మీ నానమ్మంటే మీ అమ్మమ్మనైన నాకు కుళ్ళు పిల్లలూ. ఇప్పుడు మీరిద్దరూ బెల్‌ఫాస్ట్‌లో, నేను షెఫీల్డ్‌లో, ఆవిడ అమెరికాలో. ఒకళ్ళ చేతికొకళ్ళం అందం కాబట్టి చెప్పేస్తున్నా. మీరు ఇంగ్లీషులో నవ్వుకున్నా పర్లేదు.

మీ అమ్మా నాన్నా అమెరికాలో ఉద్యోగాలు వదిలి బర్మింగ్‌హామ్ వచ్చిన కొత్తల్లో మాట. చిన్నోడా, నువ్వింకా పుట్టలేదు. మీ అక్క అప్పుడప్పుడే పరిగెత్తడం నేర్చింది. మీ అమ్మకి హాస్పిటల్లో ఉద్యోగం దొరికింది. డ్యూటీలు ఏ వారం ఎలా పడతాయో తెలీదు, పిల్ల దగ్గర ఇంట్లో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని నేనే అనుకున్నా. అందుకే ఎవరికీ చెప్పకుండా షెఫీల్డ్‌లో నా నర్సు ఉద్యోగం మానేసి రిటైరైపోయా. తీరా నేను బట్టలు సర్దుకునేలోపే మీ నానమ్మ అమెరికా నుంచి విమానం దిగింది.

ఇహ నేను చుట్టాన్నైపోయా. శనివారం శనివారం రొయ్యల పచ్చడి పట్టుకుని ట్రైనెక్కేదాన్ని. మీ అక్క నానమ్మ చంకలోంచి దిగేది కాదు. "అమ్మమ్మ దగ్గరికి వెళ్ళమ్మా" అని ఆవిడే నచ్చచెప్పి పంపేది. నా మనవరాలిని నాకు ఆవిడ పంపించడమేంటి!

అలా వెళ్ళిన ఒక శనివారం మీ అమ్మా నాన్నా నానమ్మా ముగ్గురూ లాప్‌టాప్ చుట్టూ మూగి ఉన్నారు. అంతకుముందు ఏడాది సగం అక్కడ ఉద్యోగం చేశారు కాబట్టి దానికి అమెరికా టాక్సు ఇక్కణ్ణించే కట్టాలట. మీ నానమ్మ ఏటా తన టాక్సు తనే ఆ సాఫ్ట్‌వేర్‌లో చేసుకుంటుంది. అందుకని ఆవిడకి మధ్య కుర్చీ. నాకు సోఫా.

అక్కడ ఇక్కడిలా డాక్టర్ దగ్గరికెళితే ఊరికే చూడరు. జీతంలోంచి కొంత తీసి వైద్యానికని వేరే ఖాతాలో దాచుకుంటారు. దాని మీద టాక్సుండదు. కాకపోతే దానికి తగ్గ ఇన్సూరెన్సు ఉన్న నెలలకే ఆ సౌకర్యం. ఏ నెలలో ఇన్సూరెన్సు ఉందో సాఫ్ట్‌వేర్ నెలనెలా అడుగుతుందన్నమాట. వీళ్ళేం నొక్కారో గానీ, దాచిన డబ్బంతా దాచకూడనిదేనని, టాక్సూ జరిమానా కట్టమని చూపిస్తోంది. మీ నాన్న ఆ అంకెనే మళ్ళీ మళ్ళీ కూడుతున్నాడు.

"అత్తయ్యా, మళ్ళీ ఒకసారి చూడండి" అంటోంది మీ అమ్మ. అత్తయ్యా, అత్తయ్యా! నేనొచ్చి అరగంటైంది, టీ తాగావా అన్న పాపాన పోలేదు. ఉండబట్టలేక అన్నాను:

"అమెరికాలో పిల్లకి చెవిపోటొచ్చినప్పుడు డాక్టర్ దగ్గర కూర్చుని నాకేగా ఫోన్ చేశావు. ఆ ఖాతా కార్డే గీకానమ్మా అని చెప్పి ఏడ్చావు. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది."

మీ నానమ్మ గిరుక్కున తిరిగింది. "వదినగారూ, అదెప్పుడు?"

"పోయినేడు ఈస్టర్ ముందు. నేను చర్చి నుంచి వస్తున్నా."

"ఒరేయ్, అప్పటికి మీరింకా అక్కడే ఉన్నారుగా! ఇన్సూరెన్సు ఉందిగా!" కళ్ళజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగింది. "అన్ని నెలలకీ లేదని కొట్టావేంట్రా?"

"ఇప్పుడు మనకి అంతా ఫ్రీయే కదా, ఏ ఇన్సూరెన్సూ లేదు కదాని..." మీ నాన్న నసిగాడు.

"ఇప్పటి సంగతి కాదురా అడిగేది, పోయినేటిది! ఇక్కడ ఫ్రీ అయితే అక్కడ కూడా ఫ్రీయేనా?"

అక్కడున్న నెలలకి కుటుంబమంతటికీ ఉందని, వచ్చేశాక లేదని మార్చారు. జరిమానా ఎగిరిపోయింది. మీ అమ్మ లేచి కావిలించుకుంది, ఎవర్ని? "మీరు లేకపోతే మా పనైపోయేది అత్తయ్యా!"

"నాదేముందమ్మా, మీ అమ్మ చెప్పబట్టి" అంది ఆవిడ. నేను సాయం చేద్దామని అన్నానా? దెప్పుదామని అన్నాను. ఆ పేరు కూడా ఆవిడ చేత్తోనే నాకు దక్కింది.

మీ అమ్మ వంటింట్లోకెళ్ళాక ఆవిడ సోఫాలో నా పక్కకి చేరింది. "వదినగారూ, ఉద్యోగం మానేసి రమ్మని మిమ్మల్ని అడగలేక మీ అమ్మాయి నన్ను పిలిచింది. మీరు మానేశారని నిన్ననే తెలిసింది. మాకు చెప్పొద్దా? పిల్ల చెవిపోటు కూడా మర్చిపోని మనిషి మీరు, ఇక్కడుండాల్సింది మీరే. నేను టికెట్ మార్చుకుంటా."

మార్చుకుంది కూడా. నేను పెట్టెతో దిగాను. మీ అక్క చాలా రోజులు ఆవిడ ఉండి వెళ్ళిన గది తలుపు తోసి "నానమ్మా" అని తొంగి చూసేది. మీ అమ్మ నా పప్పుచారు తిని, "అత్తయ్య ఇందులో కాస్త బెల్లం వేసేవారమ్మా" అనేది. ఏమంటాను? ఆవిడ లేచి చోటిస్తే కూర్చున్నదాన్ని. మీ నానమ్మ కాస్త చెడ్డమనిషైనా ఎంత బావుండేదో, నోరారా తిట్టుకునేదాన్ని.