సున్నం బొట్టు పిడకలు

శివరాత్రి దాటితే మా ఓర్వకల్లు పక్క ఎండ ఒక్కసారిగా మీద పడుతుంది. ఉగాది లోపల పెరట్లో గింజ పడాల్సిందే. ఆలస్యమైతే మొలక నేలలోనే మాడిపోతుంది. మాది పెద్ద పెరడేమీ కాదు. స్నానాల బండ కాడ నుంచి నీళ్లు పారే జాగా, అంతే. అదీ రాతినేల. గుంత తవ్వి, రాళ్లు ఏరి, చెరువుమట్టి పోసి, గొర్రెల ఎరువు కలిపితే గానీ పాదు కాదు. ఆ పని నాది. గింజల పని మా ఆయప్పది, అంటే నా మొగునిది.

గింజలను ఆయన ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. తీగ మీదనే పండిన దోసకాయను కోసి, గింజలు కడిగి, బూడిదలో ఆరబెట్టి, పచ్చిపేడలో కలిపి పిడకలు చేసి వెనక గోడకు కొట్టేవాడు. అట్లా పెడితే గింజకు పురుగు పట్టదు. పొయ్యిలో పెట్టే పిడకలు కూడా ఆ గోడ మీదనే ఉంటాయి. అందుకని గింజలున్న వాటి మీద బొటనవేలితో సున్నం బొట్టు పెట్టేవాడు. ఉగాది ముందు ఆ పిడకను నలిపి పాదులో వేస్తే చాలు. ఆ దోస మా అత్త కాలం నుంచి ఇంట్లో ఉంది. పొట్టికాయ, ఒంటి నిండా చారలు. ఒక్కటి కూడా చేదు వచ్చింది లేదు. ఎవరైనా అడిగితే పచ్చికాయలే ఇచ్చేవాడు. పండు ఇస్తే గింజ పోతుందని. ఊర్లో ఇంకెవరి కాడా ఆ గింజ లేదు.

ఈ ఏడు పాదులు అయినాక గోడ కాడికి పోయినాను. సున్నం బొట్ల వరుస ఉండాల్సిన చోట గుండ్రటి మరకలు మాత్రం ఉన్నాయి. పిడకలు లేవు.

కోడలు గిన్నెలు తోముతా ఉంది.

"ఏమ్మే, గింజల పిడకలు యాడ?"

తల ఎత్తలేదు. "పొయ్యిలో పోయినాయి అత్తా."

"సున్నం బొట్టు కనపళ్లేదా? కండ్లు ఉండేది కాటుక పెట్టేకేనా?"

"నన్నే అనుకో."

ఆ మాటకు నాకు అనుమానం వచ్చింది. ఒకటంటే రెండు తిరిగిచ్చే మనిషి ఆమె. ఊరికే పడే రకం కాదు.

"నువ్వు గాదా?"

చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "మామ కాల్చినాడు. స్నానానికి నీళ్లు కాగబెడతాంటే గోడ మీదివి వరసగా పీకి తెచ్చినాడు. బొట్లు ఉండాయి మామా అంటే, ఏం బొట్లు అని నన్నే అడిగె. నేను గుంజుకునే లోపల అయిపోయినాయి."

"నాకెందుకు చెప్పలేదు?"

"అంగడికి పోయి దారి మరిచి తిరుగుతాండాడని మొన్న చెప్తే ఏమంటివి? మామకు పిచ్చి అంటగడతాండావా అంటివి. మళ్లా చెప్పి తిట్లు తినాల్నా?"

ఇంటిని చుట్టుకుని వచ్చినాను. ఆయప్ప ముందర అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతా ఉన్నాడు.

"ఏమప్పా, పాదులు అయినాయి. గింజలు?"

"గోడ మీద ఉండాయి గదా. రెండు దినాలు తాళు, నేనే పెడతా."

గొంతులో ఇసుమంత అనుమానం లేదు. గింజలు పోయినాయని చెప్పడం కష్టం కాదు. ఎవరు కాల్చినారంటే ఏం చెప్పాలి? ఆయప్ప గోడ కాడికి పోయి ఆ మరకలు చూస్తే, పోయింది గింజలొక్కటే కాదని ఆయనకే తెలిసిపోతుంది. అది నాకు భయం.

బస్సెక్కి కర్నూలు పోయి దోసగింజల ప్యాకెట్ తెచ్చినాను. ముసలితనంలో నేర్చిన అక్షరాలు నావి. కూడబలుక్కుని చదివితే, మందు పట్టించినవి, తినరాదు అని ఉంది. గింజలన్నీ గులాబిరంగు. నీళ్లు మార్చి మార్చి కడిగినాను. పేడలో కలిపి పిడక చేసి, బండ మీద ఎండబెట్టి, నా బొటనవేలితో సున్నం బొట్టు పెట్టినాను. తీసుకుపోయి ఆయన చేతికిచ్చినాను.

పాదు పక్కన గొంతుక్కూర్చుని పిడక నలిపినాడు. వేళ్లు ఆగిపోయినాయి. ఒక గింజను అరచేతిలో వేసుకుని గోటితో గీరినాడు.

"ఇవి మనవి గావు."

"ఎందుకు గావు?"

"మన గింజ ఇంత సన్నగా ఉండదు. ఈ బొట్టు కూడా నాది గాదు. నా యేలు ఇంత చిన్నదా?"

అంగడి దారి మరిచిన మనిషికి ఇది తెలిసింది. సంతోషపడాల్నో ఏడవాల్నో నాకు అర్థం కాలేదు.

"మనవి యాడికి పోయినాయి మే?"

కోడలు తలుపు కాడ నిలబడి నా దిక్కే చూస్తా ఉంది.

"ఎలకలు తినినాయి."

"పేడలో గింజను ఎలక ముట్టదే."

"ఈ ఏడు ముట్టినాయి. ఎండకు తినేకి ఏమీ లేక."

ముందటి మనిషైతే లేచి గోడ చూసి వచ్చి, నా మాట అబద్ధమని నా మొహాన్నే అనేవాడు. కాపురం మొత్తంలో నా మాట ఒక్కసారికి నమ్మిన మనిషి కాదు. ఇప్పుడు నమ్మినాడు. సరేలే అని అంగడి గింజలనే పాదుల్లో వేసినాడు.

అవి మొలిచినాయి. స్నానం నీళ్లు నేనే మళ్లిస్తున్నాను. ఆయప్ప ఆ తీగల దిక్కు చూడడు. యాడ నుంచి తెచ్చినాడో ఎలకల బోను ఒకటి తెచ్చి, పొద్దుగూకితే అందులో రొట్టెముక్క పెట్టి వెనక గోడ కింద ఆనిస్తాడు. తెల్లారి లేస్తూనే పోయి చూస్తాడు. రొట్టెముక్క పెట్టింది పెట్టినట్టే ఉంటుంది.

"శానా తెలివి మీరినాయి మే," అంటాడు నాతో.

అవునప్పా అంటాను.