సబ్జా రెమ్మలు

పొద్దున నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పెనుకొండలో మా ఇంటి గోడ పక్కన సబ్జా చెట్టు పెంచుతున్నాం, ఎండాకాలం షర్బత్‌లోకి గింజలు కావాలని. నెల రోజులుగా ఎవరో పూత రెమ్మలు తుంచుకుపోతున్నారు. ఈ రోజు కాచుకుని పట్టుకున్నాను. మా వీధి చివర స్టవ్వులు రిపేరు చేసే మస్తాన్ సాబు!

"ఏమప్పా, దొంగతనం కాదా ఇది?" అని వీధంతా వినబడేలా అరిచాను.

ఆయన రెమ్మలు గోడ మీద పెట్టేశాడు. "తప్పయిపోయింది సార్. మా ఆడమనిషికి ఈ వాసనంటే ప్రాణం. గోరీ మీద పెడదామని తెంపుకుంటాండా" అని వెళ్లిపోయాడు.

ఆయన భార్య పోయిందని విన్నాను గానీ, పలకరించడానికైనా పోలేదు. లోపలికి వస్తే మా ఆవిడ అంది: "ఆ సబ్జా నారు మనకిచ్చింది ఆయమ్మే కదా!"

సాయంత్రం దోసెడు రెమ్మలు కోసుకుని ఆయన అంగడికి పోయాను. చేతులు తుడుచుకుని, రెండు చేతులా అందుకున్నాడు.

"ఇంకమీద అడిగే తెంపుకుంటా సార్" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అన్నాడు.

దానికి మీరైతే ఏమనేవారు?