చేప కథకు రుజువు

నా చిన్నప్పుడు కామారెడ్డిలో జరిగిన ఒక ఇంగ్లిషు మాటల పోటీ గురించి చెబుతాను. ఇందులో నేను చూసినదీ, చెవులారా విన్నదీ నిశ్చయం. తర్వాత మా ఊరు ఎల్లారెడ్డిలో చెప్పుకున్నది వినికిడి. అందులోంచి ఒక్క సంగతినే తీసుకుంటాను, తీసుకున్నచోట ఆ మాటా చెబుతాను.

మా ఇంగ్లిషు సారు నాకిచ్చిన మాట 'ఫ్లౌండర్'. బురదలోనో నీటిలోనో కాలు ఆనక, ముందుకు సాగలేక కొట్టుకులాడటం దాని అర్థం. ఏం చెప్పాలో తోచక తడబడే మనిషి విషయంలోనూ వాడతారు. అర్థం, వాడుక, పుట్టుక మూడూ వేదికపై చెప్పాలి. గెలిస్తే హైదరాబాదు పోటీకి పంపుతారు. అదే పేరున్న సముద్రపు చేప ఒడ్డున పడి గిలగిల్లాడటం నుంచి ఈ మాట పుట్టిందని సారు నేర్పారు.

ముందురోజు సాయంత్రం పక్కింటి అక్క బీడీలు చుడుతూ నా పాఠం విన్నది.

"ఆ చేపను మీ సారు చూసిండా?"

"చూడలేదేమో అక్కా."

"మరి గట్ల పుట్టిందని ఎవరు చెప్పిన్రు? చేపనే వచ్చి చెప్పిందా పిల్లా?"

ఆమె నవ్వింది. నేను మాత్రం పాఠం అక్కడే ఆపేశాను.

మర్నాడు బస్సు లింగంపేట దాటాక ధైర్యం చేసి సారును అడిగాను. ఆయన కోప్పడలేదు. కామారెడ్డిలో దిగగానే, పోటీకి వేళవుతున్నా, నన్ను గ్రంథాలయానికి తీసుకెళ్లారు. అక్కడి పెద్ద నిఘంటువులో ఆ మాట పుట్టుక నిశ్చయంగా తెలియదని ఉంది. రెండు పాత మాటలు కలిసిపోయి ఉండవచ్చన్నది ఒక ఊహ. చేప ఊసే లేదు.

"రుజువు లేనిది నేర్పిన, బిడ్డా," అన్నారు సారు. "కానీ ఈ కథ నాకు చెప్పింది మా పెద్దసారు, నాకు చదువు చెప్పినాయన. ఇయ్యాల మార్కులు వేసేది ఆయననే. చేప అంటే గెలుస్తవు. ఇగ నీ ఇష్టం."

వేదికపై అర్థమూ వాడుకా చెప్పి, పుట్టుక నిశ్చయంగా తెలియదన్నాను.

"తెల్వదని చెప్పనీకె గింత దూరం వచ్చినవా?" అన్నారు పెద్దసారు.

అందరూ నవ్వారు. అప్పుడు వెనుక వరుసలో మా సారు లేచి చేతులు జోడించారు.

"పెద్దసారూ, ఇప్పుడే పుస్తకం చూసి వచ్చినం. చేప కథకు ఆధారం దొరకలే. తప్పు పిల్లది కాదు, నాది."

తన గురువు తప్పును కూడా ఆయన తన మీదే వేసుకున్నారు. పెద్దసారు తలెత్తకుండా మార్కులు వేశారు. నేను ఓడిపోయాను. తర్వాతి వారం పెద్దసారు అదే నిఘంటువు అడిగి తెప్పించుకున్నారని ఊళ్లో అన్నారు, అది వినికిడి.

నలుగురి ముందు 'ఇది నాకు తెలియదు' అనవలసి వచ్చినప్పుడల్లా ఈనాటికీ నా గుండె దడదడలాడుతుంది. అయినా అంటాను. ఆ రోజు నాకు మిగిల్చింది అదే.

ఒక్క ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. చేప కథ మీద సారుకు అంతకుముందే అనుమానం ఉండేదా? ఆయన ఉన్నన్నాళ్లూ నేను అడగలేదు. అవునంటారేమోనని భయపడ్డాను.